బండి దించాక టైరు లోపలంచు ఎందుకు తినేస్తుంది

దించిన బండి, అంటే పొట్టి స్ప్రింగులు వేసి ఎత్తు తగ్గించిన కారు, టైరు బయట నుంచి చూస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది. గాడులు లోతుగా కనిపిస్తాయి, బ్లాకులు నిలబడే ఉంటాయి. ఎప్పుడో పంక్చరు పడి చక్రం విప్పి పక్కకి దొర్లించినప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. లోపలంచు రెండు వేళ్ల వెడల్పున గుండైపోయి, అక్కడక్కడా వైరు తేలి ఉంటుంది. "ఈ టైరు కంపెనీదే బాగోలేదండి" అని ఒకరంటారు. "దించారు కదా, కాంబర్ పోయింది, ఇక అంతే" అని ఇంకొకరంటారు. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఈ రెండూ కాదు. టైరుని తినేది టో, అంటే చక్రం తిన్నగా చూడకుండా దాని ముందంచు లోపలికో (టో ఇన్) బయటికో (టో అవుట్) తిరిగి ఉండటం. కాంబర్ అంటే చక్రం తల లోపలికో బయటికో వాలడం.

ఇక్కడ చెప్పేదంతా మన దగ్గర ఎక్కువగా దించే బండ్ల గురించి. స్విఫ్ట్, బలేనో, ఐ20, పోలో, సిటీ లాంటివి. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకూ కలిసి ఉండే కంబం), వెనక అడ్డదూలం లాంటి టోర్షన్ బీమ్. ఎయిర్ సస్పెన్షన్ వేసి బండిని నేలకి ఆనించేవాళ్ల లెక్క వేరు, దాని జోలికి వెళ్లను.

దింపగానే లోపల ఏం మారుతుంది

స్ప్రింగు పొట్టిదైతే బాడీ దిగుతుంది, చక్రం మాత్రం నేల మీద ఉన్నచోటే ఉంటుంది. బాడీ వైపు నుంచి చూస్తే చక్రం పైకి లేచినట్టు లెక్క. చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది, చక్రం తల లోపలికి వాలుతుంది. అదే నెగెటివ్ కాంబర్. 30 మి.మీ. దింపితే బండిని బట్టి అర డిగ్రీకి అటూ ఇటూగా మారుతుంది. వెనక నిలబడి చూస్తే కంటికి ఆనేది ఇదే కాబట్టి నింద మొత్తం దీని నెత్తినే పడుతుంది.

కంటికి ఆననిది టై రాడ్, అంటే స్టీరింగు కదలికని చక్రానికి అందించే కడ్డీ, చేసే పని. లోయర్ ఆర్మ్ ఒక పొడవు, టై రాడ్ ఇంకో పొడవు, రెండూ వేర్వేరు చోట్ల నుంచి ఊగుతాయి. కంపెనీ ఇచ్చిన ఎత్తులో ఈ రెండు ఊపులూ పొసిగేలా లెక్క కట్టి పెడతారు. ఎత్తు మారగానే ఆ పొంతన తప్పుతుంది. టై రాడ్ నకిల్‌ని (చక్రం హబ్బు బిగించి ఉండే ముక్కని) ఇటు లాగడమో అటు తోయడమో చేస్తుంది. ముందు చక్రాల డ్రైవు బండ్లలో చాలావాటికి చక్రం పైకి లేచేకొద్దీ టో అవుట్ వైపు జరిగే డిజైన్ ఉంటుంది. అందుకే స్ప్రింగులు మార్చి అలైన్‌మెంట్ చేయించని బండి ముందు చక్రాలు, పడవ నుంచి విడిపోతున్న తెడ్లలా, ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ చూస్తూ ఉంటాయి. బండి మాత్రం తిన్నగానే పోతుంది. రెండు చక్రాల లాగుడూ ఒకదానికొకటి చెల్లు కాబట్టి స్టీరింగ్‌లో ఏమీ తెలియదు. చిక్కంతా ఇక్కడే.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. 600 మి.మీ. వ్యాసమున్న టైరుకి ముందంచుకీ వెనకంచుకీ 2 మి.మీ. తేడా వచ్చిందంటే 0.19 డిగ్రీ. కిలోమీటరు దూరంలో ఆ టైరు 3.3 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు. రాజమండ్రి నుంచి అమలాపురం దాకా అరవై కిలోమీటర్ల పైచిలుకు. అంటే ఒక్క ప్రయాణంలో 200 మీటర్లు టైరుని తారు మీద పక్కకి రాస్తూ వెళ్లారు, అదీ మే నెల తారు మీద. చక్రం లోపలికి వాలి ఉంటే ఆ రాపిడి అంతా లోపలంచు మీదే పడుతుంది. కాంబరు రాపిడి ఎక్కడ పడాలో చూపిస్తుంది, ఎంత పడాలో నిర్ణయించేది టో. ఒక డిగ్రీన్నర నెగెటివ్ కాంబర్ ఉన్నా టో సున్నా దగ్గరుంటే టైరు చాలా దూరం వస్తుంది. కాంబర్ కంపెనీ లెక్కలోనే ఉండి టో 3 మి.మీ. తప్పితే మాత్రం కొత్త టైరు కూడా చాలా త్వరగా అరిగిపోతుంది.

ఎంత దించాలి

గోదావరి డెల్టాలో నా లెక్క ముందు 25 నుంచి 30, వెనక 20 నుంచి 25 మి.మీ. అంతకు మించితే ఫొటోకి బాగుంటుంది, రోడ్డుకి బాగోదు. మన హ్యాచ్‌బ్యాకులకి గ్రౌండ్ క్లియరెన్స్ సుమారు 165 మి.మీ. ముప్ఫై తీసేస్తే 135. ఐదుగురు ఎక్కి డిక్కీలో కొబ్బరికాయల బస్తా పెడితే వెనక ఇంకో ముప్ఫై దిగుతుంది. కాలువల మీద వంతెనలన్నీ మధ్యలో గూడు కట్టి ఉంటాయి, లాకుల దగ్గరవి మరీను. ఎక్కేటప్పుడు ముందు బంపరు, దిగేటప్పుడు పొట్ట.

ఇంకో సంగతి, గట్టు రోడ్లు. ఒక పక్క కాలువ, ఒక పక్క చేను, మధ్యలో ఒక్క బండి పట్టే తారు. ఎదురుగా ధాన్యం లారీ వస్తే మన ఎడమ చక్రాలు మార్జిన్‌లోకి దిగాల్సిందే. తారంచుకీ మట్టికీ నాలుగు వేళ్ల లోతు ఉన్నచోట మళ్లీ పైకెక్కేటప్పుడు ఆ దెబ్బంతా ఎడమ టై రాడ్ ఎండ్ మీదా లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్ మీదా పడుతుంది. అందుకే ఈ జిల్లాల్లో టైరు చూడాలంటే ముందు ఎడమవైపు ముందు టైరు చూడాలి. 16వ నంబరు జాతీయ రహదారి మీదే తిరిగే బండికి ఈ బాధ తక్కువ. పుంత రోడ్లలోకి రోజూ దిగే బండిని దించకుండా ఉంటేనే మేలు.

నలభై దాటిస్తే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. లోయర్ ఆర్మ్ చక్రం వైపు ఎత్తుగా వాలిపోతుంది. బాడీ దిగిన దానికన్నా రోల్ సెంటర్ (బాడీ ఒరిగేటప్పుడు ఇరుసులా పనిచేసే బిందువు) ఎక్కువ దిగిపోతుంది, కాబట్టి మలుపులో బండి ఇంకా ఎక్కువ ఒరగడానికి చూస్తుంది. పైగా ప్రతి స్పీడ్ బ్రేకరు మీదా చక్రం ఎగిరినప్పుడల్లా టో అటూ ఇటూ ఆడుతుంది. అలైన్‌మెంట్ మెషిను మీద నిలబెట్టి ఎంత సరిచేసినా, నడుస్తున్నప్పుడు ఆడే ఆటని అది ఆపలేదు.

టైరు సైజు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 185/65 ఆర్15 తీసి 195/55 ఆర్15 వేస్తే టైరు వ్యాసం 26 మి.మీ. తగ్గుతుంది, బండి దానంతట అదే 13 మి.మీ. దిగుతుంది. అది మర్చిపోయి పైన 30 మి.మీ. స్ప్రింగులు వేస్తే మొత్తం 43 అవుతుంది. లోడ్ ఇండెక్స్ కూడా 88 నుంచి 85కి పడిపోతుంది. టైరుకి 560 కిలోలు మోసేది 515కి వస్తుంది. పెళ్లికి ఏడుగురిని కుక్కే అలవాటున్న ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

కాయితాల మాట కూడా ఒకటి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిలో మార్పులు చేయడాన్ని అడ్డుకుంటుంది. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున ఎదురు తిరగొచ్చు. అది మీరు తేల్చుకోవాల్సిన సంగతి.

స్ప్రింగు కోయించడం గురించి ఒక్క మాటే

వద్దు. చుట్టు కోసేస్తే పైనో కిందో స్ప్రింగు కొస సీటులో సరిగ్గా కూర్చోదు, గుంటలో పడ్డప్పుడల్లా తిరుగుతుంది. గ్యాస్ కటింగ్‌తో కోస్తే ఆ వేడికి ఉక్కు పదును పోయి కొన్నాళ్లకి ఒక పక్క కుంగుతుంది. ఎడమ కుడి ఎత్తు 10 మి.మీ. తేడా వచ్చాక రెండు వైపులా కాంబరూ వేరు, టోనూ వేరు. ఆ బండికి ఏ మెషిను మీద అలైన్‌మెంట్ చేసినా నిలవదు. చుట్టలకి వేసి బిగించే క్లాంపులదీ ఇదే తంతు.

మీ మోడలుకని చేసిన లోయరింగ్ స్ప్రింగులు నాలుగూ ఒకే సెట్టు తీసుకోండి. యాభై వేల కి.మీ. దాటిన బండికి పాత షాకులే ఉంచేస్తే ఏమవుతుందంటే, స్ప్రింగు గట్టిదై షాకు మెత్తదై, గుంట దాటాక చక్రం బంతిలా రెండు మూడుసార్లు ఎగురుతుంది. నేలని తాకిన చోటల్లా ముక్క ముక్కగా అరుగుతుంది. టైరు చుట్టూ అరచేయి తిప్పితే ఎత్తుపల్లాలు తగులుతాయి. అది అలైన్‌మెంట్‌తో పోయే జబ్బు కాదు, షాకులు మార్చాల్సిందే. బంప్ స్టాప్ (షాకు పూర్తిగా కుంగకుండా ఆపే రబ్బరు) విషయంలో స్ప్రింగు కంపెనీ ఎంత కోయమంటే అంతే కోయాలి, కోయొద్దంటే కోయకూడదు. కోయాల్సినచోట కోయకపోతే బండి సగం సమయం రబ్బరు మీదే కూర్చుంటుంది. ఎక్కువ కోసేస్తే షాకు అడుగు తన్నుకుని సీలు పోతుంది. బిగించాక జాకీ మీద చక్రం పూర్తిగా వేలాడదీసి, స్ప్రింగుని చేత్తో ఊపి చూడండి. సీటులోంచి కదిలిందంటే అది మీ బండి స్ప్రింగు కాదు.

స్ప్రింగులతో పాటు ముందుగా తెచ్చి పెట్టుకోవాల్సినవి: స్ట్రట్ పై మౌంటులు, వాటి బేరింగులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు పగిలి ఉంటే అవి, ఒక జత కాంబర్ బోల్టులు. కాంబర్ బోల్టు అంటే స్ట్రట్‌ని నకిల్‌కి కలిపే రెండు బోల్టుల్లో ఒకదాని బదులు వేసేది. నడుము దగ్గర గుడ్డు ఆకారంలో ఉంటుంది. తిప్పితే నకిల్ లోపలికో బయటికో జరుగుతుంది, సుమారు ఒక డిగ్రీ నుంచి డిగ్రీన్నర దాకా సర్దుకోవచ్చు. దాన్ని పట్టి ఉంచేది బిగింపు ఒక్కటే. అందుకని బోల్టు తల కదలకుండా పట్టుకుని నట్టునే తిప్పాలి, టార్క్ రెంచితో బోల్టు కంపెనీ చెప్పినంతే బిగించాలి, తర్వాత తల మీదా నకిల్ మీదా కలిపి ఒక పెయింటు గీత గీయాలి. గీత తెగిందంటే జారిందని అర్థం. కొన్ని యూరప్ బండ్లకి స్ట్రట్ నేరుగా నకిల్ గొట్టంలో దిగుతుంది, అక్కడ ఈ బోల్టుకి చోటుండదు. అలాంటివాటికి సబ్‌ఫ్రేము (లోయర్ ఆర్ములు బిగించి ఉండే కింది చట్రం) బోల్టులు వదులు చేసి రెండు వైపులా సమానంగా జరపడమే దారి. స్ట్రట్ పై మౌంటు బదులు వేసే కాంబర్ ప్లేట్లు కూడా దొరుకుతాయి కానీ రబ్బరు లేని ప్లేట్లు మన గతుకులకి నెల తిరక్కుండానే టకటకా కొట్టుకుంటాయి.

బిగించేటప్పుడు జరిగే తప్పు

ఇది షెడ్లలో నూటికి తొంభైమంది చేసే తప్పు. లోయర్ ఆర్మ్ లోపలి కొసన ఉండే బుష్ రబ్బరు, బయటి గొట్టానికీ లోపలి గొట్టానికీ అంటుకుని ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు లోపలి గొట్టం కదలకుండా పట్టుకుపోతుంది. ఆర్మ్ ఊగినప్పుడు తిరిగేది బోల్టు కాదు, మెలిపడేది రబ్బరు. బండి ఎత్తు మార్చి ఆ బోల్టుని వదులు చెయ్యకుండా వదిలేస్తే, బండి ఊరికే నిలబడి ఉన్నా రబ్బరు 30 మి.మీ. మెలికలో ఉంటుంది. లిఫ్టు మీద చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే ఇంకా ఘోరం. కొన్ని నెలల్లో బుష్ చిరుగుతుంది, బ్రేకు వేసినప్పుడల్లా ఆర్మ్ వెనక్కి జరుగుతుంది, టో ఎగిరిపోతుంది. అప్పటికి అలైన్‌మెంట్ చేయించి ఉంటే ఆ డబ్బు కూడా దండగే.

కాబట్టి వరస ఇది. బండి ఎత్తి స్ప్రింగులు మార్చాక, ముందు ఆర్ముల లోపలి బోల్టులూ, వెనక బీమ్‌ని బాడీకి కలిపే పెద్ద బోల్టులూ కాస్త వదులు చేసి ఉంచండి. చక్రాలు బిగించి బండి కిందకి దించండి. ముందూ వెనకా పది అడుగులు నడిపి, నాలుగు మూలలా బాడీని ఒత్తి వదలండి. అప్పుడు బండి చక్రాల మీద నిలబడి ఉండగానే, గొయ్యి మీదో ర్యాంపు మీదో పెట్టి, ఆ బోల్టులు టార్క్‌కి బిగించండి. కిందకి దూరడానికి చోటు లేదంటే లిఫ్టు మీదే జాకీతో ఆర్ముని పైకెత్తి, చక్రం మధ్య నుంచి ఫెండరు అంచు దాకా ఉన్న దూరం నేల మీద ఎంతుందో అంతకి తెచ్చి బిగించవచ్చు.

ఆ దూరం నాలుగు మూలలా కొలిచి రాసి పెట్టుకోండి, నేల నుంచి కాదు, చక్రం మధ్య నుంచే. నేల నుంచి కొలిస్తే గాలి తేడా, నేల వాలు అన్నీ కలిసిపోతాయి. ఎడమ కుడి తేడా 5 మి.మీ. దాటితే ఏదో స్ప్రింగు సీటులో కూర్చోలేదు.

కొత్త స్ప్రింగులు వెంటనే చివరి ఎత్తుకి రావు. 300 నుంచి 500 కి.మీ. తిరిగేలోపు ఇంకాస్త కుంగుతాయి. బిగించిన రోజే అలైన్‌మెంట్ చేయించి, 500 కి.మీ. తర్వాత మళ్లీ చేయించండి. రెండోది ఖర్చనుకుని మానేసేవాళ్లే ఎక్కువ. ఒక జత టైర్ల ఖరీదులో పదోవంతు కూడా కాదది.

అలైన్‌మెంట్ షాపులో

వెళ్లే ముందు రోజు రాత్రి ఒక పని చేయండి. టై రాడ్ మీద, రబ్బరు బూటుకీ టై రాడ్ ఎండ్‌కీ మధ్య, లాక్ నట్టు ఉంటుంది. భీమవరం, నరసాపురం వైపు తిరిగే బండ్లకి ఈ నట్టు ఒక ముద్దయిపోయి ఉంటుంది. రొయ్యల లారీలు ఉప్పునీళ్లు కార్చుకుంటూ పోయే రోడ్లు కదా, ఆ నీరే చిమ్మి కిందంతా పట్టేస్తుంది. వైరు బ్రష్‌తో మర గీసి, తుప్పు వదిలించే నూనె కొట్టి, రాత్రంతా నాననివ్వండి. లేదంటే షాపులో కుర్రాడు ఆ నట్టు కదలక ఒక్క కుడివైపే తిప్పి, ఆ కాస్తతో టో తెచ్చేసి, స్టీరింగు వంకరగా వదిలేస్తాడు. పని అయ్యాక మరల మీద గ్రీజు రాయించండి.

గాలి ముందుగా సరిచేసి, డ్రైవరు సీట్లో 25 కిలోల బియ్యం బస్తాలు మూడు పెట్టమనండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. దించిన బండికి గట్టి స్ప్రింగులున్నా మనిషి ఎక్కితే కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది, ఆ కొన్ని మిల్లీమీటర్లకే టో మారుతుంది. ఎప్పుడూ నలుగురితో తిరిగే బండైతే వెనక సీటులో కూడా బస్తాలు పెట్టాలి. ఖాళీ బండికి చేసిన అలైన్‌మెంటు ఖాళీ బండికే పనికొస్తుంది.

తర్వాత చూడాల్సింది వరస. ముందు వెనక చక్రాల లెక్క, ఆ తర్వాత ముందు కాంబరు, చిట్టచివర ముందు టో. కాంబర్ బోల్టు తిప్పితే టో తప్పకుండా మారుతుంది కాబట్టి టో చేశాక కాంబర్ ముట్టుకుంటే పని మొదటికొచ్చినట్టే. టై రాడ్ తిప్పేటప్పుడు స్టీరింగు తిన్నగా లాక్ చేసి ఉండాలి, రబ్బరు బూటు మెలిపడకుండా దాని క్లిప్పు వదులు చేయాలి. లాక్ నట్టు బిగించాక మళ్లీ రీడింగు చూడమనండి, ఆ బిగింపుకే ఒక్కోసారి 0.05 డిగ్రీ కదులుతుంది. ఈఎస్‌సీ (బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్) ఉన్న బండికి చివర్లో స్టీరింగ్ యాంగిల్ సెన్సరు రీసెట్ చేయించుకోవాలి.

ఏ అంకె దగ్గర ఆగాలి? ముందు టో ఒక్కో చక్రానికి సున్నా నుంచి 0.08 డిగ్రీ టో ఇన్ లోపల, రెండు వైపులా ఒకటే. కాంబర్ 1.2 నెగెటివ్ దాటకుండా, తప్పకపోతే 1.5, ఎడమ కుడి తేడా అర డిగ్రీ లోపు. మీ బండికి కంపెనీ ఇచ్చిన టో హద్దు వేరేగా ఉంటే దాని మధ్య అంకె పట్టుకోండి. "పచ్చ రంగులోకి వచ్చింది సార్" అంటే ఒప్పుకోకండి, పచ్చ అంటే హద్దు లోపల ఎక్కడో ఉందని మాత్రమే. ఒక చక్రం హద్దుకి ఈ కొసనా ఇంకో చక్రం ఆ కొసనా ఉన్నా తెర మీద రెండూ పచ్చగానే కనిపిస్తాయి.

ఇంకో మోసం అంకెల్లోనే ఉంటుంది. కొన్ని మెషిన్లు డిగ్రీని దశాంశాల్లో చూపిస్తాయి, కొన్ని నిమిషాల్లో. 0.10 డిగ్రీ అంటే 6 నిమిషాలు. 10 నిమిషాలంటే 0.17 డిగ్రీ. మి.మీ.లో చూపించే మెషినైతే ఆ కొలత రిమ్ము దగ్గరదా టైరు దగ్గరదా అని అడగాలి. డిగ్రీల్లో ప్రింటు తీయించుకుంటే ఈ గొడవే ఉండదు. ముందూ తర్వాతా రెండు ప్రింట్లూ తెచ్చుకోండి.

వెనక టోర్షన్ బీమ్‌కి చాలా బండ్లలో సర్దడానికి ఏమీ ఉండదు. దింపినా అక్కడ పెద్ద తేడా రాదు కూడా, బీమ్ ముందుకొస నుంచి మొత్తంగా ఊగుతుంది కాబట్టి. వెనక ఒక చక్రం టో రెండోదానికన్నా 0.3 డిగ్రీ వేరుగా ఉంటే బీమో, చక్రం బిగించే పొట్టి ఇరుసైన స్టబ్ యాక్సిలో ఎప్పుడో దెబ్బ తిని వంగిందని అర్థం. స్టబ్ యాక్సిల్‌కీ బీమ్‌కీ మధ్య పలకలు పెట్టి కొంత సరిచేయవచ్చు. ఇండిపెండెంట్ రియర్ (వెనక చక్రాలు దేనికది ఊగే అమరిక) ఉన్న పాత హోండా సివిక్ లాంటి బండ్లు మాత్రం దింపితే వెనక టైర్లనే లోపల తినేస్తాయి, వాటికి సర్దుకునే వెనక కాంబర్ ఆర్ములు లేనిదే దించకూడదు.

ఇంట్లో చూసుకోవడానికి

తాపీ మేస్త్రీలు వాడే నైలాన్ దారం, నాలుగు జాకీ స్టాండ్లు, అర మిల్లీమీటరు గీతలున్న ఉక్కు స్కేలు ఉంటే చాలు. బండికి రెండు పక్కలా, చక్రం మధ్య ఎత్తులో, ముందు నుంచి వెనక దాకా దారం లాగి కట్టండి. ముందు హబ్బు మధ్య నుంచి దారానికి ఎడమా కుడీ ఒకటే దూరం, వెనక హబ్బు నుంచి కూడా ఎడమా కుడీ ఒకటే దూరం ఉండాలి. ముందూ వెనకా ఒకటే ఉండక్కర్లేదు, రెండు ట్రాకుల వెడల్పు వేరు. ఇప్పుడు ముందు చక్రం రిమ్ము ముందంచు నుంచి దారానికీ, వెనకంచు నుంచి దారానికీ కొలవండి. ముందంచు దగ్గర దూరం ఎక్కువుంటే టో ఇన్, తక్కువుంటే టో అవుట్. రిమ్ము మీద 400 మి.మీ. దూరంలో 0.7 మి.మీ. తేడా అంటే 0.1 డిగ్రీ. ఒక్కో చక్రానికి అర మిల్లీమీటరు టో ఇన్ లోపలుంటే ఊరుకోండి. టో అవుట్ ఒక మిల్లీమీటరు కనిపిస్తే మెషిను దగ్గరికి వెళ్లే రోజు వచ్చింది.

కాంబరుకి తూకం గుండు చాలు. సమంగా ఉన్న గచ్చు మీద బండి నిలిపి, ఫెండరు మీద నుంచి గుండు వేలాడదీసి, రిమ్ము పైఅంచుకీ కిందంచుకీ దారం నుంచి దూరం కొలవండి. ఆ రెండు చోట్ల మధ్య 380 మి.మీ. ఉంటే ప్రతి 6.6 మి.మీ. తేడాకీ ఒక డిగ్రీ. గచ్చు వాలు ఉంటే బండి తిప్పి పెట్టి మళ్లీ కొలిచి సగటు తీయండి.

అన్నిటికన్నా ముందు చెయ్యి చెబుతుంది. ముందు టైరు మీద అరచేయి అడ్డంగా, బయట నుంచి లోపలికి ఒకసారి, లోపల నుంచి బయటికి ఒకసారి నెమ్మదిగా రాయండి. లోపలికి వెళ్తున్నప్పుడు బ్లాకుల అంచులు రంపంలా తగిలి, వెనక్కి వస్తున్నప్పుడు నున్నగా ఉంటే టో అవుట్. బయటికి వస్తున్నప్పుడు గరుకు తగిలితే టో ఇన్. ఎటు రాసినా నున్నగానే ఉండి, లోతు మాత్రం బయట నుంచి లోపలికి వాలుగా తగ్గిపోతుంటే అది వట్టి కాంబరు. రెండంచులూ అరిగి మధ్య నిలిస్తే గాలి తక్కువ, మధ్య అరిగితే ఎక్కువ. లోపలి భుజం మీద గీత గీసినట్టు సన్నటి ఉంగరం కోసుకుపోయి ఉంటే అది అరుగుదల కాదు, టైరు స్ట్రట్‌కో ఫెండరు లైనరుకో తగులుతోంది. రిమ్ము ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే ఆఫ్‌సెట్ అంకె చూసుకోవాలి.

చెయ్యి చెప్పినదాన్ని అంకెల్లో పెట్టాలంటే లోతు కొలిచే గేజి కొనండి. నెలకోసారి ప్రతి టైరుకీ లోపలి గాడి, మధ్య గాడి, బయటి గాడి మూడూ కొలిచి ఫోనులో రాసుకోండి. ఉదాహరణకి 8 మి.మీ. కొత్త టైరు 5,000 కి.మీ. తర్వాత లోపల 6.9, మధ్య 7.3, బయట 7.4 ఉంటే పర్వాలేదు, దించిన బండికి అది మామూలే. లోపల 5.8 ఉండి మిగతా రెండూ 7 దాటి ఉంటే ఆగండి, టో తప్పింది. ఇది 5,000 దగ్గర తెలిస్తే టైరు మిగులుతుంది.

గాలి పొద్దున్నే, బండి తీయకముందు కొలవాలి. తిరిగొచ్చాక వేడికి 4 నుంచి 6 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. ఎండాకాలం ఆ అంకె చూసి భయపడి గాలి వదిలేసేవాళ్లున్నారు, మర్నాడు పొద్దున్న ఆ టైరు మెత్తగా కూర్చుంటుంది. కంపెనీ సైజే ఉంటే తలుపు పక్కన అతికించిన అంకె, అందులోనూ నిండు బరువుకి ఇచ్చింది, దించిన బండికి సరిపోతుంది.

రొటేషన్, అంటే టైర్ల చోట్లు మార్చడం, 5,000 కి.మీ.కి ఒకసారి. ముందువి తిన్నగా వెనక్కి, వెనకవి అడ్డంగా మార్చి ముందుకి (తిరిగే దిక్కు చూపే బాణం గుర్తున్నవైతే అడ్డంగా కాదు, తిన్నగానే). ఇది లోపలంచు అరుగుదలని పంచుతుందే గానీ ఆపదు, ఎందుకంటే ఏ చక్రానికి వెళ్లినా లోపలంచు లోపలే ఉంటుంది. నిజంగా పంచాలంటే టైరుని రిమ్ము నుంచి విప్పి తిరగేసి ఎక్కించాలి, మళ్లీ బ్యాలెన్సింగ్ చేయించాలి. మామూలు డిజైను టైరైతే ఎటైనా వేయొచ్చు. బాణం గుర్తున్న టైరైతే తిరగేశాక ఎడమది కుడికీ కుడిది ఎడమకీ మార్చాలి, అప్పుడు బాణం మళ్లీ తిన్నగా ఉంటుంది. పక్కన బయటివైపు అని రాసి ఉన్న టైరుని తిరగేయడానికి వీల్లేదు. కొత్త టైర్లు కొనేటప్పుడే ఇది ఆలోచించుకుంటే దించిన బండికి మామూలు డిజైనువే నయం. ఎలాంటి టైరైనా 1.6 మి.మీ. గుర్తుని బయటి గాడిలో కాకుండా, చక్రం విప్పి లోపలి గాడిలో చూడండి.